‘నా ద్వారానే తప్ప’ అన్న మాటను మీరెలా అర్థం చేసుకుంటున్నారు?

#1 అన్వేషి

అందరికీ వందనాలు. ఈ వారం మా స్టడీ గ్రూపులో యోహాను సువార్త 14వ అధ్యాయం చదివాం. "నేనే మార్గమును, సత్యమును, జీవమును; నా ద్వారానే తప్ప యెవడును తండ్రియొద్దకు రాడు" అన్న 6వ వచనం నాకు చిన్నప్పుడే కంఠతా వచ్చేసింది. ఈసారి మాత్రం మొదటి సగం చదివినప్పుడు ధైర్యంగా అనిపించింది, రెండో సగం దగ్గరికొచ్చేసరికి గొంతు పట్టేసింది. గ్రూపులో ఒకాయన "మరి ఆయన పేరే వినకుండా పోయినవాళ్ల సంగతేంటి?" అని అడిగారు. ఎవరూ సరైన జవాబు చెప్పలేకపోయారు. ప్రార్థన చేసి ముగించేశాం.

వాదన పెట్టుకోవడానికి అడగట్లేదు. యేసే దారి అని నేను నమ్ముతున్నాను. ఆయన దేవుడి దగ్గరికి దారి చూపించారా, ఆయనే దారా? ఆయనే దారి అయితే, ఒక మనిషి దారి కావడం అంటే ఏమిటి? ఆ రెండో సగం ఎవరిని ఉద్దేశించి అన్నారు? దయచేసి ఓపిగ్గా చెప్పండి.

#2 వాక్యధ్యాని

అన్వేషి గారూ, వందనాలు. 6వ వచనాన్ని ఒంటరిగా చదవకండి. 13:21 దగ్గర మొదలుపెట్టి ఆపకుండా చదవండి. అది సిలువకి ముందు రాత్రి, శిష్యులతో చివరి భోజనం. ప్రభువుని పట్టించబోయే శిష్యుడు యూదా రొట్టె ముక్క తీసుకుని బయటికి వెళ్లిపోయాడు, "అప్పుడు రాత్రివేళ" అంటాడు యోహాను. నేను వెళ్లే చోటికి మీరు ఇప్పుడు రాలేరని ప్రభువు చెప్పేశారు. కోడి కూయకముందే నన్ను ఎరగనని మూడుసార్లు అంటావని పేతురుకి మొహం మీదే చెప్పారు. మిగిలిన పదకొండు మందికీ కాళ్ల కింద నేల కదిలిపోయి ఉంటుంది. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది. అందుకే మనం అక్కడ ఒక రోజు పాఠం ముగించి, మర్నాడు మళ్లీ మొదలుపెడతాం. యోహాను రాసిన వరసలో అయితే పేతురుకి ఆ చేదు మాట చెప్పిన మరుక్షణం వచ్చేది "మీ హృదయమును కలవరపడనియ్యకుడి" అన్న మాటే.

అప్పుడు తోమా అనే శిష్యుడు అడిగాడు: "ప్రభువా, యెక్కడికి వెళ్లుచున్నావో మాకు తెలియదే, ఆ మార్గమేలాగు తెలియును?" భయంతో ఉన్న మనిషి అడిగిన ప్రశ్న అది. దానికి జవాబే మీ 6వ వచనం. నేను వెళ్లిపోతే దిక్కు తెలియకుండా పోతారేమోనని బెంగపడకండి, మీకు నేను తెలుసు కదా, తండ్రి దగ్గరికి చేరడానికి అదే చాలు అని వాళ్లకి ధైర్యం చెబుతున్నారు. ఆ గదిలో ఇతర మతాల గురించి చర్చ జరగలేదు. ఈ సంగతి మర్చిపోయి ఆ వచనాన్ని పక్కవాడి మీదికి రాయిలా విసిరేవాళ్లని చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

అలాగని రెండో సగాన్ని పలచన చేయడానికీ నేను ఒప్పుకోను. "యెవడును" అంటే ఎవడూ అనే. ప్రధాన యాజకులు అన్న, కయప ఉన్న యూదుల సభ ఎదుట నిలబడి పేతురు చెప్పిందీ ఇదే: "ఆకాశము క్రింద మనుష్యులలో ఇయ్యబడిన మరి ఏ నామమున రక్షణ పొందలేము" (అపొ. కార్యములు 4:12). అలా అన్నందుకు ఆయనకి దక్కినవి బెదిరింపులు. అధికారంలో ఉన్నవాళ్లు బలహీనుల మీద రుద్దిన మాటగా అది పుట్టలేదు.

#3 నీలిమేఘం

నమస్కారం. నేను క్రైస్తవుణ్ణి కాను. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. తప్పుగా అనుకోకపోతే ఒకటి అడుగుతాను.

కొండ శిఖరం ఒక్కటే, ఎక్కే దారులు అనేకం అని మేం వింటూ పెరిగాం. అన్ని వైపుల నుంచీ మనుషులు నిజాయితీగా ఎక్కుతున్నప్పుడు, ఒక్క వైపు నుంచి ఎక్కేవాళ్లే పైకి చేరతారనడం దేవుణ్ణి చిన్నవాణ్ణి చేసినట్టు కాదా? యేసు మీద నాకు గౌరవం ఉంది. ఆయన కొండమీద ప్రసంగం చదివినప్పుడు కళ్లు చెమర్చాయి. ఈ ఒక్క మాట దగ్గరే అడుగు ముందుకు పడట్లేదు.

#4 బెరయవాడు

నీలిమేఘం గారూ, స్వాగతం. మీరు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మా ఇళ్లలో కూడా చాలామంది మనసులో ఉన్న ప్రశ్నే ఇది, పైకి అడగరంతే.

మీ పోలికలో మనుషులందరూ కింద ఉన్నారు, దేవుడు పైన ఉన్నాడు, ఎక్కే పని మనది. బైబిలు కథ ఆ వైపు నుంచి నడవదు. యాకోబుని చూడండి. అన్నని మోసం చేసి పారిపోతున్నవాడు. చీకటి పడితే ఒక రాయి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. ఆ రాత్రి కలలో భూమి మీద నిలిచిన ఒక నిచ్చెన, దాని కొన ఆకాశాన్ని అంటుతోంది, దూతలు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు (ఆదికాండము 28). యాకోబు దాని మీద ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు, ఎక్కమని దేవుడు అడగనూ లేదు. నేను నీకు తోడుగా ఉంటాను, నిన్ను విడవను అని దేవుడే అతనితో మాట్లాడాడు. యోహాను 1:51లో యేసు ఆ నిచ్చెన స్థానంలో తనని నిలబెట్టుకున్నారు: దేవుని దూతలు మనుష్యకుమారుని మీద ఎక్కడమూ దిగడమూ చూస్తారు అన్నారు.

కాబట్టి క్రైస్తవులు చెప్పేది మా దారి మీ దారి కంటే సులువని కాదు. ఏ వైపు నుంచి అయినా మనిషి ఎక్కి చేరలేడు, క్రైస్తవుడితో సహా. అందుకే దేవుడే దిగి వచ్చాడు. ఇది నిజమో కాదో మీరు పరిశీలించుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. అయితే "ఒక్కటే దారి" అన్న మాట ఈ కథలోంచి వచ్చిందని గుర్తుపెట్టుకుని చదవండి. దిగి వచ్చినవాడు ఒక్కడే అని నమ్మేవాళ్లు, దారి ఒక్కటే అనకుండా ఎలా ఉంటారు?

#5 అన్వేషి

వాక్యధ్యాని గారూ, బెరయవాడు గారూ, థాంక్స్. ఒక మనిషి దారి కావడం అన్నది ఇంకా పట్టుబడలేదు. బోధకుడు దారి చూపిస్తాడు. ప్రవక్త కూడా చూపిస్తాడు. యేసు విషయంలో తేడా ఎక్కడ వస్తోంది?

#6 బెరయవాడు

తెర దగ్గర వస్తుంది. దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను, నాకు ఎన్నిసార్లు చదివినా తనివి తీరని భాగం ఇది.

ఆదికాండము 3వ అధ్యాయం చివర్లో ఆదామును తోటలోంచి పంపేశాక, జీవవృక్షానికి పోయే మార్గాన్ని కాయడానికి దేవుడు కెరూబులనీ (రెక్కలున్న పరలోకపు ప్రాణులు) తిరుగుతున్న ఖడ్గజ్వాలనీ నిలబెట్టాడు. బైబిల్లో దేవుడి సన్నిధికి దారి మూసుకుపోయింది అక్కడే. తర్వాత నిర్గమకాండము 26వ అధ్యాయానికి వెళ్లండి. ఇశ్రాయేలీయులు దేవుణ్ణి ఆరాధించిన ప్రత్యక్ష గుడారంలో పరిశుద్ధ స్థలానికీ అతిపరిశుద్ధ స్థలానికీ మధ్య ఒక అడ్డతెర. నీలం, ధూమ్రం, ఎరుపు రంగుల నూలుతో, సన్నని నారతో నేసిన తెర. దాని మీద చిత్రకారుడి పనిగా ఏం నేయమన్నాడు? కెరూబులనే. యాజకుడు రోజూ లోపలికి వచ్చి ధూపం వేసేటప్పుడు ఎదురుగా కనబడేది అదే: దారి కాస్తున్న కెరూబులు. తెర దాటి లోపలికి వెళ్లే అనుమతి ప్రధాన యాజకుడు ఒక్కడికే, అదీ ఏడాదికి ఒక్క రోజు, ఏడో నెల పదో రోజున, రక్తం లేకుండా కాదు (లేవీయకాండము 16).

ఇప్పుడు మార్కు 15:38. యేసు ప్రాణం విడిచినప్పుడు దేవాలయపు తెర పైనుంచి కిందికి రెండుగా చినిగింది. పైనుంచి కిందికి అంటే చింపింది మనిషి కాదని అర్థం. హెబ్రీయులకు రాసిన పత్రిక 10:19, 20 ఈ సంగతినే పట్టుకుంది. యేసు రక్తం వల్ల మనకు అతిపరిశుద్ధ స్థలంలో ప్రవేశించే ధైర్యం కలిగింది, ఆయన శరీరం అనే తెర ద్వారా నూతనమైన, జీవముగల మార్గం ఏర్పడింది అంటుంది.

అన్వేషి గారూ, మీ ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. ప్రవక్త "అదిగో దారి" అని చెయ్యి చూపించి పక్కకి తప్పుకోవచ్చు, అతను చనిపోయినా దారి దారిగానే ఉంటుంది. యేసుని తీసేస్తే క్రైస్తవుడికి దారే మిగలదు. మూసుకుపోయిన దారి తెరుచుకున్నది ఆయన శరీరంలో, ఆయన మరణంలో. ఆయన బోధని మాత్రం ఉంచుకుని సిలువని పక్కన పెడితే తెర అలాగే వేలాడుతూ ఉంటుంది.

#7 సిలోయం

చాలా బాగా చెప్పారు బ్రదర్. నేను కతోలికురాలిని. మా ఆరాధనలో ప్రార్థనలు చాలావరకు "మా ప్రభువైన క్రీస్తు ద్వారా" అని ముగుస్తాయి. రోజూ వినీ వినీ చెవికి అలవాటైపోతుంది గానీ, మొత్తం విశ్వాసం ఆ ముగింపులోనే ఉంది. ఎఫెసీయులకు 2:18 చూడండి: ఆయన ద్వారా, ఒకే ఆత్మలో, తండ్రి దగ్గరికి. మనం ప్రార్థన చేస్తున్నామంటే కుమారుడు తండ్రితో మాట్లాడే మాటల్లోకి మనల్నీ చేర్చుకున్నాడని. యేసు నామంలో అడగడమంటే చివర్లో ఒక ముద్ర వేయడం కాదు, ఆయన పక్కన నిలబడి ఆయన తండ్రిని "మా తండ్రీ" అని పిలవడం.

#8 గిలాదు

సిస్టర్, మరి దేవునికీ నరులకూ మధ్యవర్తి ఒక్కడే అని 1 తిమోతికి 2:5లో ఉంటే, మీరు మరియమ్మని, పరిశుద్ధుల్ని ఎందుకు అడుగుతారు?

#9 సిలోయం

నా కోసం ప్రార్థన చేయమని మిమ్మల్ని అడిగినట్టే వాళ్లనీ అడుగుతాం బ్రదర్. మా బిషప్పులందరూ కూడిన రెండో వాటికన్ మహాసభ కూడా మరియమ్మ పాత్ర క్రీస్తు ఏకైక మధ్యవర్తిత్వాన్ని ఏమాత్రం తగ్గించదని 1964లో రాసిపెట్టింది. మీరు ఒప్పుకోకపోవచ్చు, మేం మాత్రం మధ్యవర్తులు ఇద్దరని ఎప్పుడూ చెప్పలేదు.

#10 నిర్వాహకుడు

ఈ విషయం మీద ఇప్పటికే వేరే చర్చ నడుస్తోంది. దయచేసి అక్కడ కొనసాగించండి. అన్వేషి గారు అడిగిన ప్రశ్నల్లో వినకుండా పోయినవాళ్ల సంగతి ఇంకా మిగిలే ఉంది.

#11 బేతనియ

దాని గురించి నేను రాస్తాను. నాకు అది పుస్తకాల ప్రశ్న కాదు.

మా అమ్మ బాప్తిస్మం తీసుకోలేదు. నేను విశ్వాసంలోకి వచ్చినప్పుడు కొన్నాళ్లు మాట్లాడలేదు, తర్వాత మామూలుగానే ఉంది. చివరి రోజుల్లో పక్కన కూర్చుని 23వ కీర్తన చదివేదాన్ని. "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను ఏ అపాయమునకు భయపడను" దగ్గర నా చెయ్యి పట్టుకునేది. ఒకసారి చదవడం ఆపితే "మళ్లీ చదువు" అంది. అంతే. అంతకు మించి ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆమెని సమాధి చేసి వచ్చిన రోజే విశ్వాసి ఒకరు నా దగ్గరికి వచ్చి, ఆమె ఎక్కడికి వెళ్లిందో నాకు స్పష్టంగా చెప్పారు. చెప్పిన తీరులో కొంచెం కూడా కన్నీళ్లు లేవు.

యేసే దారి అని నేను ఆ రోజూ నమ్మాను, ఈ రోజూ నమ్ముతున్నాను. నన్ను నిలబెట్టింది ఆ నమ్మకమే. మా అమ్మకి తీర్పు తీర్చేది ఎవరో ముక్కూమొహం తెలియనివాడు అయితే నేను నిద్రపోలేకపోయేదాన్ని. స్నేహితుడు లాజరు సమాధి దగ్గర ఏడ్చిన యేసు చేతిలో ఉంది ఆ తీర్పు.

#12 వాక్యధ్యాని

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ రోజు మీతో అలా మాట్లాడి ఉండాల్సింది కాదు. "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా" అని అబ్రాహాము అడిగిన మాట పట్టుకోండి. ఆ ప్రశ్నకి దేవుడు కోప్పడలేదు, అబ్రాహాముతో మాట్లాడుతూనే ఉన్నాడు.

సిలువ మీద పక్కనే వేలాడిన నేరస్తుణ్ణి కూడా తలుచుకుంటూ ఉంటాను. అతనికి బాప్తిస్మం లేదు, సంఘం లేదు, సిద్ధాంతం తెలుసుకునే తీరిక అసలే లేదు. "యేసూ, నీవు నీ రాజ్యముతో వచ్చునప్పుడు నన్ను జ్ఞాపకము చేసికొనుము" అన్నాడు. ఆ రోజే పరదైసులో నాతో ఉంటావని ప్రభువు మాట ఇచ్చారు. చివరి గంటలో ఒక మనిషికీ ఆయనకీ మధ్య ఏం జరిగిందో పక్కన ఉన్నవాళ్లకి ఎంతవరకు తెలుస్తుంది? దీన్ని ఆధారం చేసుకుని అందరూ రక్షణ పొందుతారని చెప్పను, అలా చెప్పే అధికారం నాకు లేదు. ఫలానావాళ్లు పోయారని చెప్పే అధికారం కూడా లేదు.

#13 బెరయవాడు

ఈ ప్రశ్న మీద సంఘం చరిత్రలో ఏం జరిగిందో కొంచెం చెప్తాను, ఎందుకంటే క్రైస్తవులందరూ ఎప్పుడూ ఒకే మాట మీద ఉన్నారనుకోవడం సరికాదు.

2వ శతాబ్దంలోనే జస్టిన్ అనే తత్వవేత్త, క్రీస్తు దేవుని వాక్కు కాబట్టి, ఆ వాక్కుకి తగ్గట్టు బతికిన సోక్రటీసు లాంటివాళ్లు కూడా క్రైస్తవులే అని రాశాడు. ఆయన మెతక విశ్వాసి ఏమీ కాదు, క్రీస్తుని కాదననందుకు రోములో ప్రాణాలు ఇచ్చాడు. 3వ శతాబ్దంలో కార్తేజి బిషప్ సిప్రియన్ సంఘానికి వెలుపల రక్షణ లేదన్నాడు, అయితే ఆయన ఎదుట ఉన్న గొడవ సంఘాన్ని చీల్చి బయటికి పోయినవాళ్ల గురించి. 1442లో కతోలిక సంఘపు ఫ్లోరెన్స్ సభ ఆ మాటని అన్యులకీ యూదులకీ కూడా కఠినంగా వర్తింపజేసింది. అదే కతోలిక సంఘం 1964లో, తమ తప్పు లేకుండా సువార్త ఎరగనివాళ్లు, దేవుణ్ణి నిజాయితీగా వెదికి, కృప కదిలించగా మనస్సాక్షి ప్రకారం నడిస్తే, నిత్యరక్షణ పొందగలరని చెప్పింది. ప్రొటెస్టెంట్లలో 1646 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం, ఎంత మంచిగా బతికినా క్రీస్తుని ఒప్పుకోనివాళ్లకి రక్షణ లేదంటూనే, పసితనంలో చనిపోయే, దేవుడు ఎన్నుకున్న బిడ్డల్ని, వాక్యం విని పిలుపు అందుకోలేని, దేవుడు ఎన్నుకున్నవాళ్లని క్రీస్తే ఆత్మ ద్వారా రక్షిస్తాడని పక్కనే రాసింది.

ఇన్ని అభిప్రాయాల్లోనూ మారనిది ఒకటుంది. ఎవరు రక్షణ పొందినా క్రీస్తు వల్లే. తేడా అంతా వేరేచోట: ఆయన చేసినదాని వల్ల రక్షణ వస్తుంది సరే, ఆయన గురించి మనిషికి ఎంత తెలిసి ఉండాలి? అబ్రాహాముకి యేసు పేరు తెలియదు. అయినా నీతిమంతుడనిపించుకున్నాడని రోమీయులకు 4వ అధ్యాయం చెబుతోంది. ఆ కృప అతనికి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇంకా నిలబెట్టని సిలువ దగ్గర్నుంచి. అన్వేషి గారి గ్రూపులో ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేసి ఉంటారు, విడదీస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

#14 గిలాదు

అలా విడదీస్తే సువార్త చెప్పాల్సిన అవసరం ఏముంది అన్నా? రోమీయులకు 10:14 మర్చిపోకూడదు: "విననివానిని ఎట్లు విశ్వసించుదురు? ప్రకటించువాడు లేకుండ వారెట్లు విందురు?" అబ్రాహాముకి దేవుడు స్వయంగా మాట ఇచ్చాడు, అతను ఆ మాటని నమ్మాడు. మనస్సాక్షి ఉంటే చాలన్నట్టు చెబితే పౌలు దెబ్బలు తిని, ఓడలు బద్దలై, చెరసాలలో పడి తిరిగిందంతా వృథా అయిపోతుంది.

#15 బెరయవాడు

మంచి ప్రశ్న తమ్ముడూ, మనస్సాక్షి ఉంటే చాలని నేనూ అనను. అపొ. కార్యములు 10లో కొర్నేలీ ఉన్నాడు. ఇతడు రోమా శతాధిపతి, భక్తిపరుడు, ధర్మం చేసేవాడు, ఎప్పుడూ ప్రార్థనలో ఉండేవాడు. అతని ప్రార్థనలు దేవుడి సన్నిధికి చేరాయని దూతే చెప్పాడు. అంతటితో ఆగలేదు, యొప్పేకి మనుషుల్ని పంపి పేతురుని పిలిపించుకో అన్నాడు. వెదికేవాణ్ణి దేవుడు తోసిపుచ్చలేదు, అలాగే ఉండిపొమ్మనీ అనలేదు, క్రీస్తు దగ్గరికి నడిపించాడు. దేవుడు పక్షపాతి కాడని పేతురు గ్రహించిందీ ఆ ఇంట్లోనే, యేసు సిలువనీ పునరుత్థానాన్నీ ప్రకటించిందీ ఆ ఇంట్లోనే. ఒకటి నమ్మితే రెండోది వదిలేయాలని ఆయనకి అనిపించలేదు.

#16 నీలిమేఘం

అందరూ ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. బేతనియ గారూ, మీ అమ్మగారి గురించి చదివాక కాసేపు ఏమీ తోచలేదు.

బెరయవాడు గారి నిచ్చెన మాట ఆలోచిస్తున్నాను. ఒకటి మాత్రం అడగాలి. దారి తెలిసిందని చెప్పేవాళ్లలో కొందరు చాలా గర్వంగా మాట్లాడతారు. వాళ్లని చూసే నాలాంటివాళ్లు దూరం జరుగుతారు. దీని గురించి మీ గ్రంథం ఏమంటుంది?

#17 వాక్యధ్యాని

మా గ్రంథం మమ్మల్నే ముందు నిలదీస్తుంది అయ్యా. "ప్రభువా, ప్రభువా అని నన్ను పిలుచు ప్రతివాడును పరలోకరాజ్యములో ప్రవేశింపడు" అన్నది మత్తయి 7:21. మీకు నచ్చిన ఆ కొండమీద ప్రసంగంలోదే. ఇరుకు ద్వారం గురించి లూకా 13లో చెప్పిన సందర్భం చూడండి. "రక్షణ పొందువారు కొద్దిమందేనా?" అని ఒకడు అడిగాడు. యేసు లెక్క చెప్పలేదు. మీరు ప్రవేశించడానికి పోరాడండి అన్నారు. ఆ తర్వాత, మేం నీ ఎదుట తిన్నాం, తాగాం, మా వీధుల్లో నువ్వు బోధించావు అని చెప్పుకునేవాళ్లు బయట ఉండిపోవడం, తూర్పు పడమరల నుంచి వచ్చినవాళ్లు లోపల కూర్చోవడం చూపించారు. దగ్గరివాళ్లమనుకునే మాకు అది వణుకు పుట్టించాలి.

ఆ పై గదిలో కూడా "నేనే మార్గము" అనడానికి ముందు ఆయన ఏం చేశారో మర్చిపోకండి. తువాలు నడుముకి కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి, పన్నెండు మంది పాదాలూ కడిగారు. యూదా అప్పటికింకా వెళ్లలేదు. ఆ దారిలో నడుస్తున్నామని చెప్పుకుంటూ ఎవరినైనా చిన్నచూపు చూస్తే, మేం నడుస్తున్నది వేరే దారిలో.

#18 అన్వేషి

వచ్చే వారం గ్రూపులో ఆయనకి ఏం చెప్పాలో కొంత తెలిసింది. కెరూబుల తెర గురించి చెప్తాను, కొర్నేలీ గురించి కూడా. వినకుండా పోయిన ఫలానా మనిషి సంగతేంటని ఆయన పేరు పెట్టి అడిగితే మాత్రం ఇప్పటికీ తడబడతానేమో.

#19 సిలోయం

తడబడినా ఫర్వాలేదు. యోహాను 21లో పేతురు కూడా ఇంకో శిష్యుణ్ణి చూపించి "ప్రభువా, యితని సంగతి ఏమగును?" అని అడిగాడు. జవాబు రాలేదు. "అది నీకేమి? నీవు నన్ను వెంబడించుము" అన్నారు యేసు. మీ గ్రూపులో ఆయనకి ఇది చదివి వినిపించండి, తర్వాత ఆ ఫలానా మనిషి కోసం అందరూ కలిసి ప్రార్థన చేయండి.

#20 నీలిమేఘం

చివరిగా ఒకటి. మొత్తం బైబిలు చదివే తీరిక ఇప్పట్లో లేదు. ఈ విషయం ఒక్కటే అర్థం చేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

#21 బెరయవాడు

యోహాను సువార్త చాలు. 3వ అధ్యాయంలో నీకొదేము ఉంటాడు. పెద్ద పండితుడు, ఎవరికీ తెలియకుండా రాత్రిపూట ప్రశ్నలతో వస్తాడు. యేసు చెప్పింది విని "ఈ సంగతులేలాగు సాధ్యములు?" అంటాడు. అతను నమ్మాడో లేదో యోహాను అక్కడ చెప్పడు. 7వ అధ్యాయం చివర్లో ఒకసారి కనబడతాడు, 19వ అధ్యాయం చివర్లో మరోసారి. అతని వెనకాలే వెళ్లండి. మధ్యలో ఏది అడ్డం తగిలినా ఇక్కడే రాయండి, రోజూ చూస్తుంటాను.